పదిహేను దగ్గర నిలిచే ముల్లు

కెవిన్ డ్యురాంట్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, సియాటిల్ సూపర్‌సోనిక్స్ జట్టులో అడుగుపెట్టేనాటికి అతడి వయసు 19. ఆ 2007-08 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 20.3 పాయింట్లు చేశాడు. కొత్తగా వచ్చిన వాళ్లందరిలో మేటి అని ‘రూకీ ఆఫ్ ది ఇయర్’ బహుమతి ఇచ్చారు. అదే ఏడాది అతడి పేరు పక్కన మరో అంకె కూడా పడింది. 15.8. ఆ అంకె ఏ కొలతలోదో, ఆ కొలతలో లీగ్ మొత్తానికీ సగటు 15. అంటే బహుమతి అందుకున్న కుర్రాడు సగటు ఆటగాడి కంటే వెంట్రుకవాసి పైన ఉన్నాడన్నమాట.

ఎనిమిదేళ్ల తర్వాత, 2015-16లో, డెన్వర్ నగెట్స్ జట్టుకు సెర్బియా నుంచి నికోలా యోకిచ్ అనే బొద్దు కుర్రాడు వచ్చాడు. జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, అంతకుముందు ఏడాది అతడిది 41వ స్థానం. అతడి పేరు పిలిచిన క్షణంలో అమెరికా టీవీలో టాకోబెల్ ప్రకటన నడుస్తోంది. మొదటి సీజన్‌లో మ్యాచ్‌కు సరిగ్గా 10 పాయింట్లు, 7 రీబౌండ్లు. చూడ్డానికి ఘనంగా ఏమీ లేదు. కానీ అదే కొలతలో అతడి అంకె 21.5.

ఇరవై పాయింట్లు చేసినవాడు పదిహేను దగ్గర ఆగడమేమిటి, పది పాయింట్లు చేసినవాడు ఇరవై ఒకటి దాటడమేమిటి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ కొలత అనే తక్కెడను విప్పి చూడాలి. దాని పేరు ప్లేయర్ ఎఫిషియన్సీ రేటింగ్, పొట్టిగా పీఈఆర్. తయారుచేసినవాడు జాన్ హోలింజర్ అనే బాస్కెట్‌బాల్ పాత్రికేయుడు. 2002 నుంచి వెలువడిన ‘ప్రో బాస్కెట్‌బాల్ ప్రాస్పెక్టస్’ పుస్తకాలతో, ఆ తర్వాత ఈఎస్‌పీఎన్‌లో రాసిన వ్యాసాలతో ఇది జనంలోకి వెళ్లింది. 2012 డిసెంబరులో మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టు ఆయన్ని పిలిచి ఉపాధ్యక్ష పదవి ఇచ్చింది. తర్వాత ఇంతకంటే సూక్ష్మమైన కొలతలు చాలా వచ్చాయి. వాటిలో చాలావాటిని సామాన్యుడు చేత్తో వేసి చూడలేడు. దీన్ని మాత్రం కాగితం, పెన్ను ఉంటే ఎవరైనా వెయ్యొచ్చు. నాకు దీనిమీద ఇంత మక్కువ కలగడానికి ముఖ్య కారణం అదే.

మొదట దీనిలో చెల్లే నాణెం ఏమిటో చూడాలి. పాయింటు అనిపిస్తుంది, కానీ ఇక్కడ అసలు నాణెం పొసెషన్, అంటే జట్టు చేతికి బంతి ఒకసారి రావడం. ఒక జట్టు దాడి ముగిస్తే బంతి అవతలి జట్టుకు వెళ్తుంది, వాళ్లది ముగిస్తే మళ్లీ ఇటు వస్తుంది. అందుకే మ్యాచ్ చివర లెక్క తీస్తే రెండు జట్లకూ దాదాపు సమానంగా అవకాశాలు వచ్చి ఉంటాయి. ఎవరు గెలిచారన్నది వచ్చిన అవకాశాన్ని ఎవరు ఎంతకు మార్చుకున్నారన్న దానిమీదే ఆధారపడుతుంది.

ఒక పొసెషన్ విలువ ఎంత? దీన్ని హోలింజర్ ఊహించలేదు, లీగ్ పద్దులోంచే తీశాడు. సీజన్‌లో అన్ని జట్లూ చేసిన పాయింట్లను పైన పెట్టాడు. కింద మొత్తం పొసెషన్లు. షాట్ కొడితే పొసెషన్ ముగిసినట్టే కనుక షాట్లన్నీ లెక్కలోకి వస్తాయి. తప్పిన షాట్‌ను సొంత జట్టే తిరిగి పట్టుకుంటే అవకాశం ఇంకా బతికే ఉంది కనుక ఆఫెన్సివ్ రీబౌండ్లను తీసేయాలి. బంతిని పోగొట్టుకుంటే ముగిసినట్టే, కాబట్టి టర్నోవర్లను కలపాలి. మిగిలింది ఫ్రీ త్రో, అంటే ఫౌల్‌కు పరిహారంగా దక్కే షాట్. ఇది మామూలుగా రెండేసి చొప్పున వస్తుంది కనుక ఒక్కోదాన్ని అర పొసెషన్ అనుకోవచ్చు. కానీ బుట్ట పడ్డాక ఫౌల్ దొరికితే అదనంగా ఒక్కటే వస్తుంది, మూడు పాయింట్ల షాట్ మీద ఫౌల్ అయితే మూడు వస్తాయి, టెక్నికల్ ఫౌల్‌కు వచ్చేది అవకాశాన్ని అసలు తినదు. ఇవన్నీ సర్దితే ఒక్క ఫ్రీ త్రో తినేది 0.44 పొసెషన్. సూత్రంలో ఈ 0.44 ఎక్కడ కనిపించినా దాని వెనక ఇంత గొడవ ఉంది. డ్యురాంట్ మొదటి ఏడాదికి ఈ భాగహారం వేస్తే సుమారు 1.05 వస్తుంది. అంటే బంతి చేతికొచ్చిన ప్రతిసారీ జట్టు చేతిలో 1.05 పాయింట్ల ఆస్తి ఉన్నట్టు.

ఈ 1.05 తెలిశాక కొన్ని విలువలు వాటంతటవే కుదురుకుంటాయి. బంతిని పోగొట్టుకుంటే 1.05 నష్టం. అవతలివాడి చేతిలోంచి లాక్కుంటే, అంటే స్టీల్ చేస్తే, 1.05 లాభం.

అసలు పనితనం రీబౌండ్ల దగ్గర ఉంది. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి. షాట్ తప్పినప్పుడు బంతి ఎవరికి దొరుకుతుంది? ఆ రోజుల్లో నూటికి సుమారు 73 సార్లు రక్షణ చేస్తున్న జట్టుకు, 27 సార్లు కొట్టిన జట్టుకే. కాబట్టి షాట్ తప్పగానే 1.05 మొత్తం పోయిందనడం అన్యాయం. తిరిగి దొరికే ఆశ ఇంకా 27 శాతం ఉంది. పోయింది 1.05లో 73 శాతం, అంటే 0.77. కొట్టినవాడి ఖాతాలో ఆ 0.77 ఖర్చు రాస్తారు.

తర్వాత రెండు దారులున్నాయి. ఒకటి, సహచరుడు ఎగిరి బంతిని పట్టుకున్నాడు. ఆఫెన్సివ్ రీబౌండ్ విలువ 0.77. ఒకడి ఖర్చు 0.77, ఇంకొకడి జమ 0.77, జట్టుకు సున్నా. నిజంగానే జట్టు ఏమీ పోగొట్టుకోలేదు, బంతి ఇంకా చేతిలోనే ఉంది. రెండో దారి, అవతలివాడు పట్టుకున్నాడు. డిఫెన్సివ్ రీబౌండ్ విలువ 1.05లో 27 శాతం, అంటే 0.28. ఇటు 0.77 పోయింది, అటు 0.28 చేరింది. రెండూ కలిపితే మళ్లీ 1.05, సరిగ్గా ఒక పొసెషన్. నేను మొదటిసారి ఈ కూడిక కాగితం మీద వేసినప్పుడు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. బంతి ఎటు ఎగిరినా పద్దు కుదిరేలా అమర్చాడు ఈయన. సులువుగా దొరికే రీబౌండ్‌కు తక్కువ, కష్టపడి తెచ్చిన రీబౌండ్‌కు ఎక్కువ అన్న న్యాయం కూడా అందులోనే ఇమిడిపోయింది. దానికోసం విడిగా ఏ సంఖ్యా అతికించలేదు. బ్లాక్ విలువ 0.77 కావడం కూడా ఇందుకే. అది అవతలివాడి షాట్‌ను తప్పించింది కనుక తప్పిన షాట్ ఎంతో అంతే.

తప్పిన ఫ్రీ త్రోకూ ఇదే తర్కం. రెండింటిలో మొదటిది తప్పితే రీబౌండ్ ఉండదు, ఆఖరిది తప్పితేనే బంతి గాల్లో ఉంటుంది. ఆ తేడాను కూడా సూత్రం విడిగా లెక్కేసి సుమారు 0.39 ఖర్చు రాస్తుంది. ఫౌల్ చేస్తే మనవాళ్లు సగటున ఎన్ని ఫ్రీ త్రో పాయింట్లు సమర్పించుకున్నారో చూసి, అందులోంచి అవతలి జట్టు వాడేసిన పొసెషన్ విలువ తీసేసి, మిగిలినంత వరకే శిక్ష. అది సుమారు 0.35.

బుట్ట పడితే రెండు పాయింట్లు కదా, ఆ రెండూ కొట్టినవాడివేనా? బంతి అందించినవాడి వాటా ఎవరివ్వాలి? అసిస్ట్‌కు హోలింజర్ మూడింట రెండు పాయింటు ఇచ్చాడు. రెండు పాయింట్ల బుట్టలో మూడో వంతు అన్నమాట. ఇచ్చినదాన్ని ఎక్కడినుంచో తగ్గించకపోతే జట్టు చేసిన పాయింట్ల కంటే ఆటగాళ్లకు పంచినవి ఎక్కువైపోతాయి. అందుకే బుట్ట వేసినవాడి ఖాతాలోంచి కొంత కోశాడు. చిక్కేమిటంటే, ఏ ఆటగాడి బుట్టల్లో ఎన్ని ఇతరుల పాస్‌తో వచ్చాయో మామూలు స్కోరు పట్టికలో ఉండదు. ఉన్నది జట్టు మొత్తానికి అసిస్టులెన్ని, బుట్టలెన్ని అన్నదే. ఆ నిష్పత్తినే అందరికీ వర్తింపజేశాడు. పాస్ అందుకున్నవాడికి బుట్ట వేయకుండా ఫౌల్ దక్కొచ్చు కనుక ఫ్రీ త్రోలోంచి కూడా పిసరంత తీశాడు. ఆ లెక్కన రెండు పాయింట్ల బుట్ట సుమారు 1.65, ఫ్రీ త్రో సుమారు 0.9 దగ్గర తేలతాయి. మూడు పాయింట్ల బుట్టకు పైన నిండు ఒకటి కలుస్తుంది. లీగ్ సగటులతో వేసి చూశాను. పాస్‌లకు పంచింది ఎంతో, కొట్టినవాళ్ల దగ్గర కోసిందీ దాదాపు అంతే.

ఇక్కడ ఒక అన్యాయం మిగిలిపోయిన మాట నిజం. బంతిని తానే నడిపించుకుంటూ వెళ్లి తానే బుట్ట వేసుకునే కొత్త పాయింట్ గార్డ్‌కూ, బుట్ట కింద నిలబడి అందిన బంతిని వదిలే సెంటర్‌కూ ఒకే కోత పడుతుంది. ఉన్న పట్టికతో ఇంతకంటే చేయగలిగింది లేదు.

విడిభాగాలు చూశాం కనుక ఇప్పుడు డ్యురాంట్‌ను పళ్లెంలో కూర్చోబెడదాం. ఆ ఏడాది మ్యాచ్‌కు అతడు 17.1 షాట్లు కొట్టి 7.3 బుట్టలు వేశాడు. బుట్టకు 1.65 చొప్పున జమ 12. అందులో మూడు పాయింట్లవి 0.7 కనుక ఇంకో 0.7. ఫ్రీ త్రోలు 5.6కు 4.9 పడ్డాయి, జమ 4.4. అసిస్టులు 2.4, వాటికి 1.6. రీబౌండ్లు 4.4 అయినా అందులో ఆఫెన్సివ్‌వి ఒకటి కూడా నిండలేదు. అన్నీ కలిపి 1.7. స్టీల్ ఒకటి, బ్లాకు ఒకటికి కాస్త తక్కువ, రెండింటికీ కలిపి మళ్లీ 1.7. మొత్తం జమ 22 పైచిలుకు.

ఇప్పుడు ఖర్చు. తప్పిన షాట్లు 9.8. ఒక్కోటి 0.77 చొప్పున 7.5 అక్కడే పోయింది. టర్నోవర్లు 2.9, వాటికి 3. తప్పిన ఫ్రీ త్రోలు, ఫౌళ్లు కలిపి 0.8. మొత్తం 11 దాటింది. తెచ్చినదాంట్లో సగం ఖర్చు రాశాకే మిగులు. నిలిచింది సుమారు 10.8. దాన్ని అతడు ఆడిన 34.6 నిమిషాలతో భాగించి, కాసేపట్లో చెప్పబోయే రెండు సవరణలు చేస్తే 15.8 దగ్గరికి చేరతాం. ఇరవై పాయింట్లు ఎక్కడికి పోయాయో చూశారు కదా. బహుమతి ఇచ్చినవాళ్లు జమ వైపు చూశారు, ఈ తక్కెడ రెండు వైపులా చూసింది. ఆ జట్టు ఆ సీజన్‌లో 20 గెలిచి 62 ఓడింది. పక్కన ఆదుకునేవాళ్లు లేక పంతొమ్మిదేళ్లవాడు కష్టమైన షాట్లెన్నో కొట్టాల్సి వచ్చింది. ఆ సంగతి ఖర్చు పద్దులో కనబడుతుంది గానీ కారణం కనబడదు. ఆరేళ్లకు, 2013-14లో, అదే డ్యురాంట్ సగానికి పైగా షాట్లు బుట్టలో వేసి 29.8కి చేరి ఎంవీపీ, అంటే సీజన్ మేటి ఆటగాడు, అయ్యాడు.

ఇందాక చెప్పిన రెండు సవరణల్లో మొదటిది వేగం. కొన్ని జట్లు పరుగెత్తుతాయి, కొన్ని నింపాదిగా ఆడతాయి. పరుగెత్తే జట్టులో అందరి పద్దులూ ఉబ్బుతాయి. వంద గజాల చేనుకీ డెబ్భై గజాల చేనుకీ పంటను బస్తాల్లో పోలిస్తే సరిపోదు కదా, విస్తీర్ణం చూడాలి. అందుకే సూత్రం లీగ్ సగటు వేగాన్ని జట్టు వేగంతో భాగించి ఆ నిష్పత్తితో గుణిస్తుంది.

దీనికి మైకేల్ కార్టర్-విలియమ్స్ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. 2013 అక్టోబరు 30న ఫిలడెల్ఫియా జట్టు తరఫున మొదటి మ్యాచ్. ఎదురుగా ఛాంపియన్ మయామి హీట్. ఈ కుర్రాడు 22 పాయింట్లు, 12 అసిస్టులు, 7 రీబౌండ్లు, 9 స్టీళ్లతో వాళ్లను ఓడించాడు. సీజన్ ముగిసేసరికి సగటు 16.7 పాయింట్లు, 6.3 అసిస్టులు, 6.2 రీబౌండ్లు. అంతకుముందు మొదటి ఏడాదిలోనే ఈ మూడింటినీ ఆ ఎత్తుకు తీసుకెళ్లినవాళ్లు ఆస్కార్ రాబర్ట్‌సన్, మ్యాజిక్ జాన్సన్ మాత్రమే. బహుమతి అతడికే వచ్చింది. పీఈఆర్ మాత్రం 15.5.

ఫిలడెల్ఫియా ఆ ఏడాది లీగ్‌లోకెల్లా వేగంగా ఆడిన జట్టు. 48 నిమిషాలకు సగటు జట్టు సుమారు 94 పొసెషన్లు ఆడితే ఈ జట్టు 99 ఆడింది. నిష్పత్తి వేస్తే కుర్రాడు తెచ్చిన ప్రతి నూరులోంచీ ఐదు ఇక్కడే రాలిపోయాయి. పైగా షాట్లలో నలభై శాతమే పడ్డాయి, మ్యాచ్‌కు మూడున్నర టర్నోవర్లు. ఆ జట్టు వరుసగా 26 మ్యాచ్‌లు ఓడింది. మరుసటి సీజన్ మధ్యలోనే, 2015 ఫిబ్రవరిలో, అతణ్ని మిల్వాకీకి పంపేశారు. బహుమతి చూసి మురిసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించి ఉండొచ్చు. ఈ పద్దు చదివినవాళ్లకు అంత కలిగి ఉండదు.

రెండో సవరణ చిన్నది, దాని ఫలితం పెద్దది. సీజన్‌లో అందరి అంకెలూ వచ్చాక లీగ్ సగటు సరిగ్గా 15 అయ్యేలా అన్నింటినీ ఒకే నిష్పత్తిలో సర్దుతారు. పదిహేనే ఎందుకు? ప్రత్యేకమైన రహస్యం లేదు. మ్యాచ్‌కు వచ్చే పాయింట్లలా కనిపించి, చూసేవాడి కంటికి ఆనే అంకె అది. దీనివల్ల కాలాల మధ్య గోడ కూలిపోతుంది. స్కోర్లు ఉబ్బిన 1980లనాటి కుర్రాణ్నీ, అవి కుంచించుకుపోయిన 2000ల తొలినాళ్ల కుర్రాణ్నీ ఒకే వరుసలో నిలబెట్టొచ్చు. 1984-85లో మైకేల్ జోర్డాన్ మొదటి ఏడాది 25.8. 1989-90లో డేవిడ్ రాబిన్సన్ 26.3. 1997-98లో టిమ్ డంకన్ 22.6. 2005-06లో క్రిస్ పాల్ 22.1. మొదటి ఏడాదే ఇరవై దాటినవాళ్ల వరుస చూస్తే తర్వాతి చరిత్ర కళ్లముందు కదులుతుంది. ఇంకా వెనక్కి వెళ్లాలంటే పట్టికలే అడ్డం. ఎన్‌బీఏ స్టీళ్లు, బ్లాకులు లెక్కపెట్టడం మొదలెట్టింది 1973-74లో, టర్నోవర్లు 1977-78 నుంచి. విల్ట్ చాంబర్లెయిన్ ఎన్ని షాట్లను గాల్లోనే పట్టేశాడో ఏ పద్దులోనూ లేదు.

ఇక నిమిషాలు. ఈ తక్కెడ అంతటిలోనూ కొత్తవాళ్లకు ఎక్కువ మేలు చేసే భాగం ఇదేనని నా అభిప్రాయం. కొత్తగా వచ్చినవాడు ఎంతసేపు ఆడాలో తేల్చేది కోచ్. ఆ స్థానంలో సీనియర్ ఉంటే బెంచీ మీదే కూర్చోవాలి. మ్యాచ్‌కు ఇన్ని పాయింట్లు అన్న సగటు అందుకే అతడికి ద్రోహం చేస్తుంది. పీఈఆర్ ప్రతి నిమిషానికీ విలువ కడుతుంది. యోకిచ్ ఆ మొదటి ఏడాది మ్యాచ్‌కు 21.7 నిమిషాలే ఆడాడు. ఆ జోరునే 36 నిమిషాలకు పొడిగిస్తే పదహారున్నర పాయింట్లు, పదకొండున్నర రీబౌండ్లు, నాలుగు దాకా అసిస్టులు. సెంటర్ ఆడేవాడికి నాలుగు అసిస్టులు మామూలు సంగతి కాదు. షాట్లలో సగానికి పైగా, ఫ్రీ త్రోల్లో నూటికి ఎనభై పడ్డాయి. అంటే ఖర్చు వైపు పద్దు పల్చన. ఆ ఏడాది బహుమతి అందుకున్న కార్ల్-ఆంథనీ టౌన్స్ 32 నిమిషాలు ఆడి 18.3 పాయింట్లు చేశాడు, అతడి పీఈఆర్ 22.5. ఇద్దరి అంకెలకూ మధ్య ఒక్క పాయింటే తేడా. ఓట్లలో యోకిచ్‌ది మూడో స్థానం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. నిమిషాలతో భాగించే ఏ కొలతకైనా తగినన్ని నిమిషాలు కావాలి. సీజన్ మొత్తంలో అరవై నిమిషాలు ఆడి, నాలుగు షాట్లు అదృష్టవశాత్తూ పడితే అంకె ముప్ఫై దాటొచ్చు. దానికి అర్థం లేదు. యోకిచ్ 80 మ్యాచ్‌లలో కలిపి పదిహేడు వందల నిమిషాలకు పైగా ఆడాడు. అంత ఆట మీద నిలిచిన 21.5ను కాకతాళీయం అనలేం. ఎదుటి జట్టు ప్రధాన ఆటగాళ్లు బెంచీ ఎక్కిన వేళ ఎక్కువగా ఆడేవాడి నిమిషాలు కాస్త సులువైనవని కూడా గుర్తుంచుకోవాలి. తక్కెడకు ఎదురుగా ఎవరున్నారో తెలియదు.

వయసు కూడా తెలియదు. 2003-04లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచి నేరుగా వచ్చి, 18 ఏళ్లకు సీజన్ మొదలుపెట్టి 18.3 తెచ్చుకున్నాడు. డేవిడ్ రాబిన్సన్‌ను 1987లోనే ఎంపిక చేసినా, అతడు నౌకాదళంలో రెండేళ్లు ఉద్యోగం ముగించుకుని 24 ఏళ్లకు మొదటి మ్యాచ్ ఆడాడు. నిండా ఎదిగిన మనిషి 26.3నూ, మీసాలు రాని కుర్రాడి 18.3నూ పక్కపక్కన పెట్టి మొదటిదే గొప్పదనడం తొందరపాటు. రూకీ అంకె చదివేటప్పుడు పక్కనే పుట్టినతేదీ రాసుకోవడం మంచి అలవాటు.

లోపాల్లోకెల్లా పెద్దది రక్షణ. స్టీలు, బ్లాకు తప్ప ఎదుటివాణ్ని అడ్డుకునే పని ఏదీ స్కోరు పట్టికలోకి రాదు. శాన్ ఆంటోనియో స్పర్స్ ఆటగాడు బ్రూస్ బోవెన్ 2004 నుంచి 2008 దాకా ఐదేళ్లు వరుసగా లీగ్ రక్షకుల మొదటి జట్టులో ఉన్నాడు, మూడు టైటిళ్లు గెలిచాడు. అతడి పీఈఆర్ పదిహేను దరిదాపులకు కూడా రాలేదు. హోలింజర్ ఈ సంగతి దాచలేదు. బోవెన్ లాంటివాళ్లను ఈ అంకె సరిగా చూపలేదని తానే రాశాడు. పనివాడు తన పనిముట్టు ఎక్కడ తెగదో ముందే చెప్పడం నాకు చాలా నచ్చిన గుణం.

ఇంకో లోపాన్ని ఆర్థికశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ బెర్రీ బయటపెట్టాడు. పైన మనం వేసుకున్న విలువలతోనే దాన్ని పట్టుకోవచ్చు. రెండు పాయింట్ల బుట్ట పడితే జమ 1.65, తప్పితే ఖర్చు 0.77. ఎన్ని పడితే జమా ఖర్చూ సరిపోతాయి? నూటికి సుమారు 32. మూడు పాయింట్ల షాట్ అయితే 23 చాలు. అంటే రెండు పాయింట్ల షాట్లలో నూటికి ముప్ఫై ఐదు మాత్రమే వేసేవాడు కూడా ఇంకా ఇంకా కొడుతూ పోతే అతడి అంకె పైకే జరుగుతుంది. జట్టుకు మాత్రం అది నష్టం. ఓడిపోయే జట్టులో ఎడాపెడా షాట్లు కొట్టే కొత్త కుర్రాడికి ఈ కొలత కొంచెం మొహమాటం చూపుతుందని తెలుసుకోవాలి. తమాషా ఏమిటంటే, డ్యురాంట్ 15.8లో ఆ మొహమాటం కూడా కలిసే ఉంది.

ఇవన్నీ మనసులో పెట్టుకుని విక్టర్ వెంబన్యామా మొదటి ఏడాదిని చూడండి. 2023-24, స్పర్స్ జట్టు, 71 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 29.7 నిమిషాలు. 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు, 3.6 బ్లాకులు. బ్లాకుల్లో లీగ్ మొత్తానికీ మొదటివాడు. ఖర్చు వైపు మ్యాచ్‌కు 3.7 టర్నోవర్లు, మూడు పాయింట్ల షాట్లలో మూడింట రెండు తప్పడం. ఆ ఖర్చంతా రాశాక కూడా ముల్లు 23.1 దగ్గర నిలిచింది. అతడి ఆటలో ఒక దృశ్యం పదేపదే కనిపించేది. ఎదుటి జట్టు గార్డ్ ఒకడు కాపలావాణ్ని తప్పించుకుని బుట్టవైపు దూసుకొస్తాడు. రెండడుగులు వేసి తలెత్తుతాడు. బుట్టకూ తనకూ మధ్య ఆ పొడుగాటి చెయ్యి కనపడుతుంది. బంతిని మళ్లీ నేలకు కొట్టుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోతాడు. బ్లాకు లేదు, స్టీలు లేదు, తప్పిన షాట్ లేదు. పద్దులో ఆ క్షణానికి సున్నా. దాన్ని కళ్లతో చూసినవాళ్లే అతణ్ని లీగ్ రక్షకుల మొదటి జట్టులోకి ఎన్నుకున్నారు. అంతకుముందు ఏ రూకీకీ దక్కని గౌరవమది.

ఏటా అక్టోబరులో కొత్త సీజన్ మొదలవుతుంది. తెల్లవారుజామున లేచి మ్యాచ్ చూసే అలవాటు మీకుంటే, ఈసారి ఏదో ఒక కొత్త కుర్రాణ్ని ఎంచుకుని పది మ్యాచ్‌ల పద్దు చేత్తో రాయండి. విలువలు సీజన్‌ను బట్టి కొంచెం మారతాయి గానీ చేత్తో వేసే లెక్కకు ఇవి చాలు. బుట్టకు 1.65, మూడు పాయింట్లదైతే పైన ఒకటి, ఫ్రీ త్రోకు 0.9, అసిస్ట్‌కు 0.67, తప్పిన షాట్‌కు 0.77 ఖర్చు, టర్నోవర్‌కు 1.05 ఖర్చు, స్టీల్‌కు అంతే జమ. ఆఫెన్సివ్ రీబౌండ్‌కూ బ్లాకుకూ 0.77, డిఫెన్సివ్ రీబౌండ్‌కు 0.28. తప్పిన ఫ్రీ త్రోకు 0.39, ఫౌల్‌కు 0.35 తీసేయండి. ఆఖర్న నిమిషాలతో భాగించడం మరవకండి.